దేవిడీ కాలేజీ పై హాలు

మొఘల్‌పురా, హైదరాబాద్
14 జూలై 2025

బిడ్డా స్రవ్యా,

మేనత్త దీవెనలు. నువ్వు ఆ ఆసిఫాబాద్ అడవుల్లో గురుకులం పిల్లలకు లెక్కలు చెప్పడానికి పోయిన నాటి నుంచి ఫోన్లో నీతో మాట్లాడటం నా వల్ల కావడం లేదు. నీకు తీరిక ఉన్నప్పుడు సిగ్నల్ ఉండదు, సిగ్నల్ ఉన్నప్పుడు నువ్వు క్లాసులో ఉంటావు. ఒకవేళ కలిసినా మా బబ్లూ ఫోనును స్పీకర్‌లో పెట్టి నా ముందు ఉంచుతాడు. కన్న కొడుకే, కానీ వాడి ముందు అన్నీ మాట్లాడతామా? అందుకే కాగితం తీశాను. మన దేవిడీ కాలేజీ వాళ్ళకు ఉత్తరాలు కొత్తేం కాదు.

ఆగస్టు 24, ఆదివారం సభ. పూర్వ విద్యార్థినుల సంఘానికి ఎప్పటిలాగే ఖైసర్ బేగం అధ్యక్షురాలు, నేను కార్యదర్శిని. అంటే ఆమె కుర్చీలో కూర్చుంటుంది, నేను కుర్చీలు వేయిస్తాను. డిగ్రీలో పక్క బెంచీలో కూర్చున్నప్పటి నుంచీ మా ఇద్దరిదీ ఇదే వరస. ఈ ఏడు మా బ్యాచ్ కాలేజీకి ఇంకో బీరువా ఇచ్చింది. బ్యాచ్‌కొక ఉక్కు బీరువా, దాని నిండా పుస్తకాలు, తలుపు మీద బ్యాచ్ పేరు, ఆ ఆనవాయితీ నీకు తెలిసిందే. మాకంటే చిన్నవాళ్ళు రెండోది ఇచ్చారని ఖైసర్ పట్టుబట్టి మా చేత కూడా రెండోది కొనిపించింది. అన్నీ పై హాల్లోనే ఉండాలి. సభ జరిగేది అక్కడ, పేరు నలుగురి కంటా పడేది అక్కడ. కింద పెడదామంటే ఏ బ్యాచ్ వాళ్ళూ ఒప్పుకోరు.

హాలు నడుమ మాత్రం వద్దని నేనన్నాను. "నడిమిట్ల పెట్టకపోతే మన పేరు ఎవరికి కనబడ్తది సుశీలా?" అంది ఖైసర్. హమాలీల ముందే మా ఇద్దరికీ పెద్ద లొల్లి అయింది. చివరికి నడుమనే పెట్టారు.

ఆ రోజు నుంచి నాకు ఆ హాలంటే భయం పట్టుకుంది. ఎందుకో రాయాలంటే చెయ్యి ఆడటం లేదు, రాస్తే నిజమైపోతుందేమోనని. ఒక్కటి మాత్రం విను. ఈ ఏడు సభకు పిలిచే నీ వంతు కార్డులు రాయకు. నా మనసు కుదుటపడ్డాక అన్నీ చెప్తాను.

వేళకు తిను. అడవి నీళ్ళు కాచుకుని తాగు.

మీ అత్తమ్మ
సుశీల


తిర్యాణి
21 జూలై

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి స్టాఫ్ రూములో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్కనున్న టీచరమ్మ నాకేమైందోనని చూసింది.

హాలంటే భయమట! నిజం చెప్పు, ఖైసర్ ఆంటీ మీద అలిగావు కదూ? పోయిన ఏడు ఆమె మైకు వదల్లేదని అలిగావు. అంతకు ముందు ఏడు షామియానా రంగు నిన్ను అడగకుండా మార్చిందని అలిగావు. బీరువా నడుమ పెట్టినందుకు ఏకంగా సభే వద్దంటే ఎలా? మీ ఇద్దరి లొల్లికి మా బ్యాచ్‌ల వాళ్ళం ఏం పాపం చేశాం?

అయినా నువ్వు ఆలస్యం చేశావు. నీ మాట అందేలోపే నా కార్డులు పోస్టు డబ్బాలో పడ్డాయి. ఇక్కడి టీచర్లకు మన పద్ధతి చెప్తే, ఈ కాలంలో పోస్టుకార్డులేంటి, వాట్సాప్ గ్రూపు పెట్టుకోరాదా అంటారు. ఫోను భర్త చేతిలోనో అత్త చేతిలోనో ఉండే ఇళ్ళ సంగతి వాళ్ళకేం తెలుసు? కార్డయితే ఇంటిల్లిపాదీ చదువుతారు, ఏమీ లేదులే అనుకుని ఆ అమ్మాయి చేతికే ఇస్తారు. కాలేజీ వదిలిన ప్రతి పిల్లకూ ఒక పెద్దక్క, పెద్దక్క రాసిన కార్డు అందగానే ఆ పిల్ల తన కిందివాళ్ళకు రాయాలి. ఎవరు కనిపెట్టారో గానీ ఆమెకు దండం పెట్టాలి. దబీర్‌పురా కీర్తిప్రియకు పెళ్ళయిన ఏడాది పుట్టింటి నుంచి కూడా రాని కబురు కాలేజీ నుంచి వచ్చిందట. చెప్తూ ఏడ్చింది.

ఈసారి నా కార్డుల్లో ఒక మాట కలిపాను. "ఎన్నడూ సభకు రాని ఒకరిని వెంటబెట్టుకుని రండి, మీరు రాసే కార్డులో కూడా ఈ మాట రాయండి" అని. చూస్తూ ఉండు, హాలు పట్టదు, మెట్ల మీద కూడా నిలబడతారు. అప్పుడు మీ బీరువా నడుమ ఉందో మూలన ఉందో ఎవరికీ కనబడదు.

అలక మానేసి జవాబు రాయి.

నీ స్రవ్య


మొఘల్‌పురా
26 జూలై

స్రవ్యా,

నీ ఉత్తరం అందింది. నేను అలగలేదు బిడ్డా. అలకైతే ఎంత బాగుండేది.

ఇక దాచను. హమాలీలు బీరువాను హాలు నడుమ దింపగానే, గోడ వెంబడి ఉన్న పాత బీరువాల తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. ఒకటీ అరా కాదు, ఆ వరసంతా. ఎవరూ వాటిని ముట్టుకోలేదు. "దేఖో, పాతోళ్ళు కొత్తోళ్ళకు సలాం చెప్తున్నరు" అంది ఖైసర్. అందరూ నవ్వారు. నేను వెళ్ళి తలుపులు మూశాను, మళ్ళీ తెరుచుకున్నాయి. నేల నడుమకు వంగిపోయి బీరువాలన్నీ ముందుకు ఒరిగాయి. నవాబుల కాలపు దేవిడీ, పాత మహలు అది, పై అంతస్తు నేలంతా కర్ర దూలాల మీద నిలబడి ఉంది. దాని మీద మనమందరం ఏటేటా ప్రేమకొద్దీ ఉక్కు పేర్చుకుంటూ వచ్చాం. డాబా మీది నీళ్ళ ట్యాంకు కూడా మన సంఘం కట్టించిందే.

కిందికి దిగి క్లాసు గదిలోంచి చూస్తే దూలం పొడుగునా చీలిక కనబడింది. ఖైసర్ మనవరాలు అలీనా ఈ ఏడే డిగ్రీలో చేరింది, ఆ క్లాసులోనే కూర్చుంటుంది. ఆ పిల్ల దుపట్టా మీద సున్నం రాలి ఉంది. ఇదేంటమ్మా అంటే, "రోజూ పడ్తది సుశీల దాదీ, దులుపుకుంట" అంది నవ్వుతూ.

ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి వెళ్ళాను. ఆమె తలుపు దగ్గరగా వేసి చెప్పింది. "నాకు తెలుసమ్మా. కానీ ఈ మాట బయటికి పోతే మున్సిపల్ ఆఫీసు వాళ్ళొచ్చి సీలు వేస్తారు. ఈ కాలేజీ లేకపోతే మన పిల్లల్లో ఎంతమందిని వేరే చోటికి పంపుతారు?" ఆమె అన్నది అబద్ధం కాదు. అలీనా నాన్న, అదే మన ఖైసర్ కొడుకు ఒవైస్ మంచివాడే, కార్వాన్‌లో దుకాణం నడుపుతాడు. పిల్లను చేర్పించిన రోజే నాతో అన్నాడు, "గల్లీల ఉంది కాబట్టి పంపుతున్న ఖాలా. మూసీ దాటి పోయే చదువైతే మాకొద్దు" అని.

చెప్తే కాలేజీ పోతుంది. చెప్పకపోతే సభనాడు అంతమంది ఆడవాళ్ళు ఆ నేల మీద కూర్చుంటారు. నువ్వేమో ఇంకొకరిని వెంటబెట్టుకు రమ్మని రాశావు.

ఖైసర్‌కు కూడా ఇంకా చెప్పలేదు. నువ్వు ఎవరికీ చెప్పకు, నా మీద ఒట్టు. ఆ కార్డులు మాత్రం ఎలాగైనా ఆపు.

భయంతో,
మీ అత్తమ్మ


తిర్యాణి
1 ఆగస్టు

అత్తమ్మా,

నీ మీద పెట్టిన ఒట్టు నేను నిలబెట్టలేదు. తిట్టే ముందు చివరిదాకా చదువు.

నవ్వినందుకు నన్ను క్షమించు. కార్డులు ఆపడానికి చేతనైనదంతా చేశాను. నేను రాసిన వాళ్ళకు వద్దని మళ్ళీ రాశాను. కానీ వాళ్ళు ఎవరికి రాశారో, ఆ ఎవరు ఇంకెవరికి రాశారో నాకు తెలియదు. మన పద్ధతిలో పిలవడానికి దారి ఉంది గానీ వద్దనడానికి లేదు. నేను దండం పెట్టాలన్న పద్ధతే ఇప్పుడు నన్ను భయపెడుతోంది.

నీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది, నువ్వు దాన్ని రాసి దాటిపోయావు. అలీనా దుపట్టా మీద సున్నం. నువ్వు సభ గురించే భయపడుతున్నావు. సభ ఏడాదికి ఒక పూట. ఆ పిల్లలు రోజూ ఆ దూలం కింద కూర్చుని పాఠం వింటున్నారు. సభను ఆపినా వాళ్ళు అక్కడే ఉంటారు కదా? ఈ మాట తట్టిన దగ్గరి నుంచి నేను బోర్డు మీద ఏం రాస్తున్నానో నాకే తెలియడం లేదు. మా క్లాసు పైకప్పు వైపు చూస్తుంటే పిల్లలు కూడా తలలెత్తి చూస్తున్నారు.

కొండ మీది రోడ్డుదాకా నడిచి నీకు ఫోను చేశాను. బబ్లూ తీశాడు. "అమ్మ ఖైసర్ ఆంటీ తోని బజార్‌కు పోయింది, ఏమన్నా చెప్పాల్నా?" అన్నాడు. ఏం చెప్పను వాడితో? ఏమీ లేదని పెట్టేశాను.

అందుకే నగరపాలక ఆఫీసుకు ఫిర్యాదు రాశాను. నా పేరు, ఊరు అన్నీ పెట్టాను. ఈ ఉత్తరంతో పాటే ఇవాళ స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. కాలేజీ మూతపడితే ఏమవుతుందో నాకు తెలుసు, అది గల్లీలో ఉండబట్టే నేనూ చదువుకున్నాను. కానీ మూతపడిన కాలేజీని మళ్ళీ తెరవచ్చు.

నన్ను తిట్టు, కానీ రాయడం మానకు.

స్రవ్య


మొఘల్‌పురా
2 ఆగస్టు

బంగారు తల్లీ,

ఇవాళ నాకు కాస్త ఊపిరి ఆడింది, అందుకే వెంటనే రాస్తున్నాను.

ఖైసర్‌కు చెప్పేశాను. బజారులో గాజులు చూస్తూ చూస్తూ నోరు జారింది. నేననుకున్నట్టు ఆమె కేకలు పెట్టలేదు. దుకాణం అరుగు మీదే కూర్చుండిపోయింది. తర్వాత లేచి, "ఫికర్ చెయ్యకు. చప్పుడు కాకుంట మనమే సదురుకుందాం" అంది. ఆ ధైర్యం ఆమెకు ఎక్కడి నుంచి వస్తుందో నాకెప్పుడూ అర్థం కాదు.

సభను వాకిట్లో షామియానా వేసి జరుపుదాం, పై హాలుకు తాళం వేద్దాం అనుకున్నాం. మేడం ఒప్పుకుంది. దసరా సెలవుల్లో బీరువాలు ఒక్కొక్కటిగా దింపించి దూలాలు మార్పిస్తాం. అప్పటిదాకా ఆగడానికి దూలం కింద లావాటి కర్రలు నిలబెట్టించాం. అలీనా వాళ్ళు ఆ కర్రల చుట్టూ బెంచీలు సర్దుకుని కూర్చున్నారు. పిల్లలు కదా, వాటికి సంచులు కూడా తగిలిస్తున్నారు.

ఇక కార్డుల గురించి నువ్వు బెంగ పడకు. ఎంతమంది వచ్చినా వాకిలి పడుతుంది. ఎవరికీ చెప్పొద్దన్న నా మాట నిలబెట్టావు, నా మేనకోడలివి అనిపించుకున్నావు.

ముద్దులతో,
అత్తమ్మ


మొఘల్‌పురా
9 ఆగస్టు

స్రవ్యకు,

నీ ఉత్తరం అందింది. దాని వెనకే ఆఫీసు వాళ్ళు కూడా వచ్చారు.

నిన్న శుక్రవారం కాలేజీకి సీలు వేశారు. పిల్లలు సంచులు భుజాన వేసుకుని గల్లీలో నిలబడి ఉంటే నేను చూడలేకపోయాను. మూసీ అవతలి కాలేజీలో సర్దుతామని చెప్పారు. ఆ మాట వినగానే సగం మంది తండ్రులు పిల్లల చేతులు పట్టుకుని ఇళ్ళకు నడిచారు. ఒవైస్ అలీనాను ఇంటి దగ్గర దింపి సరాసరి మా ఇంటికే వచ్చాడు. "ఖుషీ అయిందా ఖాలా? నా బిడ్డ చదువు బంద్ అయింది" అన్నాడు. ఆ పిల్ల పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేయమన్నాడట.

ఖైసర్ గడప బయటే నిలబడింది. ఎప్పుడూ అలా నిలబడింది లేదు. "బీరువా నడుమ పెట్టిననని కాలేజ్‌నే మూయిస్తివా సుశీలా?" అని అడిగింది. నేను కాదనలేకపోయాను. కాదంటే ఎవరని అడుగుతుంది. నీ పేరు నా నోటి నుంచి రాలేదు, రాదు కూడా. ఆమె వెళ్ళిపోయింది. ఈ వయసులో నాకు ఇంకో స్నేహితురాలు దొరకదు.

దసరా దాకా ఆగితే ఏం పోయేది? కర్రలు పెట్టాం కదా, పెద్దవాళ్ళం ఆలోచించాం కదా? నీకు చదువు చెప్పిన గోడలకు నువ్వు తాళం వేయించావు. నాకు నీ మీద కోపంగా ఉంది. అది దాచుకుని దీవెనలు రాయడం నాకు చేతకాదు.

సుశీల


తిర్యాణి
16 ఆగస్టు

అత్తమ్మా,

నీ రెండు ఉత్తరాలూ ఒక్క రోజే అందాయి, ముద్దులు రాసినదీ, సుశీల అని మాత్రమే రాసినదీ. వానలకు ఇక్కడ టపా ఆగిపోయింది. కర్రలు పెట్టారని ఫిర్యాదుకు ముందే తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో అని ఆలోచించాను. అయినా ఫిర్యాదు రాసేదాన్నే అనుకుంటాను. ఆ కర్రలకు సంచులు తగిలిస్తున్నారని చదివాక మరీను.

కానీ ధైర్యంగా ఏం లేను. కర్రలు ఆగితే, దూలం ఇంకో ఇరవై ఏళ్ళు నిలబడితే, నేను ఉత్తిపుణ్యానికి అంతమంది ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టినదాన్ని అవుతాను. అలీనా పెద్దయ్యాక నా పేరు ఎలా తలుచుకుంటుందో? నిన్న ఒక క్షణం ఆ నేల కూలిపోతే బాగుండు అనుకున్నాను, నా మాట నిజమవుతుందని. ఆ తర్వాత నన్ను చూసి నాకే భయం వేసింది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

ఖైసర్ ఆంటీకి నా పేరు చెప్పెయ్. నా కోసం నువ్వు ఆమెను పోగొట్టుకోవద్దు.

24న ఏమవుతుందోనని ఇంకో దిగులు. కార్డులు అందుకున్న వాళ్ళు వచ్చి గేటుకు తాళం చూస్తారు. మన కాలేజీకే తాళమా అని ఎవరైనా వెనక గోడ దూకి, పైకెక్కి బీరువాలు చూసుకుందామంటే? రమ్మన్నది నేనే. నేనొచ్చి గేటు ముందు నిలబడదామంటే వాగు పొంగి రోడ్డు తెగింది. ఎవరినీ లోపలికి పోనివ్వకు అత్తమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ కోపం పోయేదాకా ఎదురుచూస్తాను.

స్రవ్య


మొఘల్‌పురా
11 సెప్టెంబర్

నా బిడ్డా స్రవ్యా,

ఇన్నాళ్ళూ రాయనిది కోపంతో కాదు. కూర్చుని రాసే స్థిమితం లేకపోయింది.

ఆగస్టు 19, మంగళవారం, వాన కురుస్తూనే ఉంది. మధ్యాహ్నం పిల్లలు క్లాసుల్లో ఉండే వేళకు పెద్ద చప్పుడైంది. మా వంటింట్లో గిన్నెలు కదిలాయి. చెప్పులు లేకుండా పరిగెత్తాను. అటు గల్లీ నుంచి ఖైసర్ పరిగెత్తుకొచ్చింది, తల మీద ముసుగు కూడా లేదు. పై హాలు కూలిపోయింది. సీలు వేసిన గేటు లోపల ఒక్క ప్రాణి లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. దుమ్ము అణిగాక పక్క కిటికీలోంచి చూశాం. ఖైసర్ నా చెయ్యి పట్టుకుని, "అలీనా బెంచ్ ఎక్కడుండె?" అని అడిగింది. వేలితో చూపించాను. అక్కడ మా బ్యాచ్ కొత్త బీరువా తలకిందులుగా పడి ఉంది. మేం నిలబెట్టించిన కర్రలు దాని కింద విరిగి ఉన్నాయి.

పెద్దవాళ్ళం ఆలోచించాం కదా అని నీకు రాశాను. ఆ కిటికీ దగ్గరే నిలబడి ఫిర్యాదు రాసింది నువ్వేనని ఖైసర్‌కు చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. "ఆ పిల్లకు నా దువా రాయి" అంది. ఆనాటి నుంచి రోజూ వచ్చి, రాశావా అని అడుగుతోంది.

సభనాడు, 24న చాలామంది వచ్చారు. ఆ ఇరుకు గల్లీలో ఎంతమంది నిలబడగలరో అంతమంది నిలబడ్డారు. ఎవరూ లోపలికి పోదామనలేదు. గోడ కూలిన చోట నుంచి ఆ కుప్పను చూసి, తమ బ్యాచ్ పేర్లు వెతుక్కుని ఏడ్చారు. ఖైసర్ స్టూలు ఎక్కింది. మైకు లేదు, ఆమెకు అవసరమూ లేదు. "బీరువాలు ఇచ్చింది చాలు. ఇప్పుడు మీ ఇండ్లల్ల కింది అర్రలు ఇయ్యుండ్రి. ఈ పిల్లలకు గల్లీ దాటకుంట పాఠం నడవాలె" అంది. కొందరు అప్పటికప్పుడే సరేనన్నారు. కొందరు అడిగి వస్తామని ఇళ్ళకు వెళ్ళారు. వెళ్ళిన వాళ్ళలో అందరూ తిరిగి రాలేదు, వాళ్ళను తప్పు పట్టలేం. వచ్చిన వాళ్ళే చాలయ్యారు. మేడం పైవాళ్ళతో మాట్లాడి, కొత్త కట్టడం లేచేదాకా అలా నడుపుకోవడానికి అనుమతి తెచ్చింది.

డిగ్రీ మొదటి ఏడు పిల్లలు మా ఇంట్లోనే ఉన్నారు. బర్రెలను ఊరి బయటికి పంపేశాక కొట్టం ఖాళీగా ఉంది కదా, కడిగి సున్నం వేయించాం. పైన రేకులే, ఇంకో అంతస్తు లేదు.

ఒవైస్ పంపడనే అనుకున్నాను. మొదటి రోజు అలీనాను తీసుకుని వచ్చాడు. పిల్లను బయట నిలబెట్టి తానొక్కడే లోపలికి పోయాడు. నాలుగు గోడలనూ పిడికిలితో తట్టి చూశాడు, రేకుల వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాతే "జా బేటీ" అన్నాడు. పోతూ పోతూ నా దగ్గర ఆగి, "ఆ రోజు మిమ్మల్ని ఏమేమో అన్న ఖాలా. ఇంట్ల ఉంచుదామంటే బిడ్డ ఏడుస్తుంది, పంపుదామంటే నాకు భయమైతుంది" అన్నాడు. నాకూ అంతే ఒవైస్ అన్నాను. రోజూ వస్తున్నాడు, రోజూ గోడలు తట్టి చూశాకే పిల్లను లోపలికి పంపుతున్నాడు. మిగతా పిల్లలు నవ్వినా పట్టించుకోడు.

ఇవాళ పొద్దున దుకాణానికి ఆలస్యమైందని అలీనాను గేటు దగ్గర దింపి అలాగే వెళ్ళిపోయాడు. పాఠం మొదలైంది. నేను కాసేపు వాకిట్లో నిలబడ్డాను, మనసు ఒప్పలేదు. లోపలికి వెళ్ళి, పాఠం చెప్పే లెక్చరరమ్మ ఆపి చూస్తుండగానే, నాలుగు గోడలూ తట్టి వచ్చాను.

మీ అత్తమ్మ